బస్సెక్కని వాళ్ల లెక్క

ఒక ఊరికి బస్సు ఎన్ని ట్రిప్పులు వేయాలో దేన్నిబట్టి తేలుస్తారు? టికెట్ మిషన్ల లెక్క చూసి, అంటారు. సాఫ్ట్‌వేర్‌లో డేటాతో బతికేవాణ్ణి కాబట్టి ఆ లెక్క మీద నాకు గౌరవమే. కానీ అందులో పెద్ద చిల్లుంది. ఎక్కినవాళ్లకే టికెట్ కొడతారు. గంటసేపు చూసి విసుగొచ్చి షేర్ ఆటోలో వెళ్లిపోయినావిడ ఆ మిషన్‌లో ఉండదు. సాయంత్రం తిరుగు బస్సు లేదని కాలేజీ మానేసిన పిల్ల అసలే ఉండదు. ‘ఈ రూట్లో జనం లేరండీ’ అని ఒక ట్రిప్పు తీసేస్తే ఆ తర్వాత జనం ఇంకా తగ్గుతారు. లెక్క మాత్రం భేషుగ్గా సరిపోతుంది.

మా దివిసీమ కొసన ఉన్న హంసలదీవినే తీసుకోండి. కోడూరు మండలం. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప వెళితే బీచ్, అక్కణ్నుంచి కృష్ణమ్మ కడలిలో కలిసే చోటికి ఇసుక దారి. ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో మ్యాపు చెబుతుంది, పోటు సంగతి చెప్పదు. మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు. అదీ రోజూ ఒకే టైముకి రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు మరీ ఎగదన్నుతాయి. జనం విరగబడి వచ్చేది ఎప్పుడు? మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలకి! తిథి చెబితే చాలు, నీళ్లు ఎప్పుడు ఎక్కేదీ ఎప్పుడు తీసేదీ వేటకెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కేసి చెబుతారు. మరి బస్సులు ఎక్కడ ఆపాలి, జనాన్ని ఎన్నింటికి వెనక్కి తిప్పాలి అనుకునే మీటింగులో వాళ్లకో కుర్చీ వేయొద్దూ?

నాగాయలంక వైపు ఎదురుమొండి వాళ్లకైతే ముందు పంటు, ఆ తర్వాతే బస్సు. ఆ రెండు టైములూ కలిపి రాస్తేనే అది టైమ్‌టేబుల్.

నగరాల్లో మాత్రం ఏం తక్కువ? విజయవాడలో బస్సుల కోసమని ప్రత్యేక లేన్లతో బీఆర్టీఎస్ వేశారు. అనుకున్నట్టు బస్సులు నడవలేదు, పేరు మాత్రం రోడ్డుకి మిగిలింది.

అడిగే వేదిక లేదా అంటే, ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, ఉపాధి హామీ పనుల కోసం. గ్రామసభ అనగానే మనవాళ్లు సీసీ రోడ్డు అడుగుతారు, డ్రైను అడుగుతారు. బస్సు టైము ఎవరూ అడగరు. ఎందుకంటే దానికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ టెంటు కింద ఉండరు. అవనిగడ్డ డిపో నుంచి ఒకరు టైమ్‌టేబుల్ పట్టుకుని వచ్చి కూర్చుంటే చాలు, కథ మారిపోతుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చాక ఆడవాళ్లకి టికెట్ సున్నా. మంచిదే. బస్సు లేని వేళలో మాత్రం ఆటోకి డబ్బులివ్వాల్సిందే. ఏ వేళలో ఎంతమంది అలా ఇస్తున్నారో వాళ్లని అడిగితేనే తెలుస్తుంది.

ఇంకోటి, సభ పెట్టే టైము. పొద్దున్న పదకొండింటికి పెడితే కూలికెళ్లినవాళ్లు రారు, రొయ్యల చెరువుల మీద ఉన్నవాళ్లు రారు, కాలేజీ పిల్లలు రారు. వచ్చేది వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంట్లో కూర్చున్న నాలాంటివాళ్లూ, బస్సుతో పనిలేని బుల్లెట్ బండ్లవాళ్లూ. చీకటి పడ్డాక, పడవలు ఒడ్డుకొచ్చాక పెట్టండి బాబూ. టీ నేను పోయిస్తా.