గుండె మారితే గుణం మారుతుందా?

జపాన్ కార్టూన్లు చూసే పిల్లలకు 'ఫ్యూజన్' అనే మాట బాగా తెలుసు. డ్రాగన్ బాల్ జీ కథలో గోటెన్, ట్రంక్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఒక పద్ధతి ప్రకారం నాట్యం చేసి వేళ్లు ఆనించుకుంటే చాలు, ఇద్దరూ పోయి గోటెంక్స్ అనే ఒక్కడు ప్రత్యక్షమవుతాడు. వాడికి ఇద్దరి బలమూ వస్తుంది, దాంతోపాటు గొప్పలు చెప్పుకునే గుణమూ పెరుగుతుంది. అరగంట గడిస్తే మళ్లీ ఎవరికి వారే. గోకు, వెజిటా చెవిపోగులు పెట్టుకుని కలిసిపోయినప్పుడు పుట్టే వెజిటోలో ఒకరి సరదా, ఇంకొకరి గర్వం రెండూ కనిపిస్తాయి.

"నిజంగా ఇద్దరు మనుషులు కలిస్తే గుణాలు కూడా అలాగే కలుస్తాయా, సార్?" అని అడిగే పిల్లలున్నారు. ప్రశ్న మంచిదే. కథను కథగా చూసి ఆనందించండి, జవాబు మాత్రం కథలో వెతక్కండి. పాలూ డికాక్షనూ కలిసినట్టు ఇద్దరి స్వభావాలు కలుస్తాయా లేదా అన్నది నిజమైన మనుషులను చూసి తేల్చుకోవలసిన విషయం.

మన రాష్ట్రంలోనే వీణ, వాణి అనే అక్కచెల్లెళ్లున్నారు. 2003లో తలలు అతుక్కుని పుట్టారు. మెదడుకు రక్తం చేరవేసే నాళాలు కూడా ఇద్దరికీ కలిసి ఉండటంతో, విడదీస్తే ప్రాణాపాయమని వైద్యులు శస్త్రచికిత్స చేయలేదు. చాలా ఏళ్లు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలోనే పెరిగారు. మరి వాళ్లు ఒక్కరా, ఇద్దరా? పదో తరగతి పరీక్షలకు ఇద్దరికీ వేర్వేరు హాల్‌టికెట్లు ఇచ్చారు. 2022లో ఇంటర్మీడియెట్ ఇద్దరూ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ఎవరి జవాబులు వారివి, ఎవరి మార్కులు వారివి. రక్తం పంచుకున్నా, పుట్టినప్పటినుంచి ఒక్క క్షణం కూడా విడిగా ఉండకపోయినా, ఆలోచనలు కలగలిసి మూడో మనిషి తయారు కాలేదు. ఎందుకంటే అక్కడున్నవి రెండు మెదళ్లు.

సరే, శరీరాలు కలిసి పుట్టడం అలా ఉంచుదాం. ఒకరి శరీరంలోని భాగమే ఇంకొకరి శరీరంలోకి వెళితే ఏమవుతుంది? ఈ సంగతి తెలుసుకోవడానికి జపాన్ దాకా పోనక్కరలేదు. 2025 జనవరి 17 రాత్రి ఎల్‌బీ నగర్‌లోని కామినేని ఆసుపత్రి నుంచి లక్డీకాపూల్‌లోని గ్లెనీగిల్స్ గ్లోబల్ ఆసుపత్రికి ఒక మనిషి గుండె మెట్రో రైల్లో వెళ్లింది. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా 13 స్టేషన్లు, 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు! ఆ దారిలో రోడ్డు మీద వాహనాల రద్దీ ఎంతుంటుందో మన పేటవాళ్లకు చెప్పనక్కరలేదు. శరీరం నుంచి తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో మరొకరికి అమర్చాలి. అందుకే ఆ తొందర.

ఇలాంటి వార్త చదివినప్పుడల్లా కొందరు పెద్దలు కూడా అనుమానపడతారు. "ఇచ్చినవాడు కోపిష్ఠి అయితే పుచ్చుకున్నవాడికీ కోపం వస్తుందేమో!" అంటారు. ఈ అనుమానానికి మూలం మన భాషలోనే ఉంది. ధైర్యం లేనివాణ్ణి గుండె లేనివాడంటాం. జాలిపడితే గుండె కరిగిందంటాం. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడా మనసుకు స్థానం గుండేనని, మెదడు ఒంటిని చల్లబరిచే అవయవమనీ నమ్మాడు.

ఇలా ఎందుకు నమ్మారంటారా? ఒక చిన్న పరీక్ష చేయండి. కదలకుండా కూర్చుని మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కించండి. పరీక్షలో ప్రశ్నపత్రం చేతికివ్వబోయే ముందు మళ్లీ లెక్కించండి. ఒక్క అడుగు వేయకపోయినా సంఖ్య పెరుగుతుంది. భయం పుట్టింది మెదడులో. అక్కడినుంచి నాడుల ద్వారానూ, రక్తంలో కలిసే అడ్రినలిన్ అనే హార్మోను ద్వారానూ గుండెకు కబురు అందింది. దడదడ వినిపించేది ఛాతీలో కనుక, భయం కూడా అక్కడే పుట్టిందని మనిషి పొరబడ్డాడు.

గుండెకు సొంత నాడీకణాలు అసలు లేవని కాదు. వేలల్లో ఉన్నాయి. అవి గుండె కొట్టుకునే లయను సరిచూసుకుంటాయి. మెదడులోనో, సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. మీరు నేర్చిన పాఠం, తిన్న దెబ్బ, చేసిన స్నేహం, అన్నీ ఆ కణాల మధ్య ఉండే కలయికలను కొద్దికొద్దిగా మారుస్తూ వచ్చాయి. గుణం అని మనం పిలిచేది ఆ అల్లికలో ఉంది. గుండెను తీసి మరొకరికి అమర్చేటప్పుడు దానికి వచ్చే నాడులను కోసేస్తారు. కొత్త ఒంట్లో అవి వెంటనే అతుక్కోవు. అందుకే మార్పిడి చేసిన గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుకంటే వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే వెంటనే వేగం పుంజుకోదు, రక్తంలో అడ్రినలిన్ వచ్చేదాకా ఆగుతుంది. పాత యజమాని జ్ఞాపకాలు మోసుకురావడం మాట అటుంచి, కొత్త యజమాని కబుర్లే దానికి ఆలస్యంగా అందుతాయన్నమాట!

శాస్త్రజ్ఞులు ఈ సంగతి రోగులనే అడిగారు. ఆస్ట్రియా దేశపు వియన్నాలో గుండె మార్పిడి చేయించుకున్న 47 మందిని ప్రశ్నించి 1992లో ఫలితాలు ప్రచురించారు. 37 మంది తమ స్వభావం ఏమీ మారలేదన్నారు. ఏడుగురు మారిందన్నారు గానీ, దానికి కారణం చావు అంచుదాకా వెళ్లి రావడమేనన్నారు. ముగ్గురు మాత్రం కొత్త గుండె వల్లనే మారామన్నారు. ఆ ముగ్గురి మాట అబద్ధమని కొట్టిపారేయకూడదు, వాళ్లకు అలా అనిపించింది. అలా అనిపించడానికి కారణాలు వెతకాలి. కొత్త అవయవాన్ని శరీరం తనది కాదని తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. వాటిలో ఇచ్చే స్టెరాయిడ్లు ఆకలినీ, నిద్రనూ, కోపతాపాలనూ మార్చగలవు. మరొకరు చనిపోవడం వల్ల తాను బతికానన్న తలపు కూడా మనిషిని మార్చదా?

చరిత్రలో ఇంకో ఉదాహరణ ఉంది. 1968 జనవరిలో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ అనే వైద్యుడు ఫిలిప్ బ్లైబర్గ్ అనే తెల్లజాతి దంతవైద్యుడికి క్లైవ్ హాప్ట్ అనే మిశ్రమజాతి యువకుడి గుండె అమర్చాడు. తెల్లవారికీ ఇతరులకూ బడులు, బస్సులు, ఆసుపత్రులు విడివిడిగా ఉంచిన దేశమది. ఆ గుండెతో బ్లైబర్గ్ సుమారు 19 నెలలు బతికాడు. గుండెకు జాతి ఏమిటో తెలియలేదు, అంతా సవ్యంగా పనిచేసింది. మన దేశంలో కులాన్ని చూసి గ్లాసులు వేరు చేసే పెద్దలకు ఈ సంగతి చెప్పండి.

అవయవదానం చేసిన కుటుంబాలకు ధైర్యం చెప్పాలని "మీవాడు ఇంకొకరిలో బతికే ఉన్నాడు" అంటుంటారు. ఓదార్పుగా అనే ఆ మాటను నేను తప్పుపట్టను. కానీ నిజం తెలిస్తే దానం విలువ తగ్గుతుందనే భయం అక్కరలేదని నా అభిప్రాయం. మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా పనిచేయడం ఆగిపోయినప్పుడు ఆ మనిషి లేడు. అతని గుణాలు ఎక్కడికీ పోయి చేరవు. ఆ గుండె అందుకున్నవాడు మాత్రం తన గుణాలతో, తన జ్ఞాపకాలతో తన పిల్లల దగ్గరికి తిరిగివెళతాడు. ప్రతిఫలంగా తమ మనిషిలోని చిటికెడు గుణం కూడా మిగలదని తెలిసి ఇచ్చే కుటుంబానిదే గొప్ప దానం.

అవయవాల కేటాయింపు మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ద్వారా జరుగుతుంది. ఆసుపత్రిలో ఆ ఘడియ వచ్చినప్పుడు ఇంటివాళ్లు దుఃఖంలో ఉంటారు, ఆలోచించేందుకు వ్యవధి ఉండదు. కాబట్టి అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో ఈ మాట ఎత్తండి. "గుండెతోపాటు గుణం పోతుందా?" అని అమ్మమ్మ అడిగితే, ఆమె నాడి పట్టుకుని లెక్కించి, మెదడు సంగతి ఓపికగా వివరించండి.