శ్రమదానమా? వెట్టిచాకిరా?

మొన్న ఎండాకాలం మా ఊరి కుంటల సర్కారు తుమ్మ కొట్టేటందుకు శ్రమదానం పెట్టిండ్రు. ఇంటికొకరు రావాలని ముందురోజు చాటింపు వేయించిండ్రు. డప్పు కొట్టింది మా వాడ మనిషే. పొద్దున ఏడింటికి ఊరూ వాడా కట్ట మీదికి వచ్చినయి. బ్యానరు కట్టిండ్రు, ఉపన్యాసాలయినయి, తలా ఒక కొమ్మ పట్టుకొని ఫొటోలు దిగిండ్రు. తొమ్మిది కొట్టేసరికి ఊరు ఇంటికి పోయింది. కుంటల మిగిలింది వాడ.

పొద్దుగూకేదాకా మేమే కొట్టినం. మాలో చదువుకున్నోళ్లం, పంతుళ్లం కూడా గడ్డపార పట్టినం. ఈ చెట్టును పైన నరికితే ఒక్క వానకే నాలుగు పిలకలు వేస్తది. మోడు చుట్టూ తవ్వి, భూమిలోపలి దుబ్బతో సహా పెకిలించాలె. ముల్లు చెప్పును చీల్చుకొని అరికాలులో దిగుతది. కాయలు తిన్న గొడ్లు పేడ వేసినకాడల్లా మళ్లీ మొలుస్తది. అంటే ఇది ఒక్కరోజు పని కాదు. వానలు పడ్డంక మొలకలు పీకాలె, మరుసటేడు మళ్లీ చూడాలె. ఆ రోజులకు బ్యానరుండదు, ఫొటో ఉండదు.

సాయంత్రం కొట్టిన కట్టెనంతా ఒకాయన ట్రాక్టరులో ఎత్తుకపోయిండు. మోపు కట్టుకున్న మా ఆడోళ్లను మాత్రం "అది గ్రామం కట్టె, ముట్టొద్దు" అన్నరు. పనేమో వాడది, కట్టేమో గ్రామానిదా?

ఈ చెట్టును తెచ్చింది మనం కాదు. అమెరికా ఖండపు చెట్టును 1870లలో తెల్లసర్కారు కట్టె కోసం తెప్పించి కడప జిల్లా కమలాపురం దిక్కు నాటించింది. వాళ్లు నాటిన ముల్లు మన కాళ్లలో దిగుతున్నది.

తుమ్మ ఉండాలని మేమనటం లేదు. కుంట మాది కూడా. తరతరాలు తూములెత్తి మడిమడికి నీళ్లు పారించిన నీరటి మా తాత. అందరి మడి తడిపినోడికి సొంత మడి లేదు. 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ అంబేద్కర్ చాటింది సమాన హక్కు. హక్కు సమానమైతే పని కూడా సమానం కావాలె గదా!

వరంగల్ల భద్రకాళి చెరువును 2024 నవంబరులో పూడిక తీసేటందుకు ఖాళీ చేసిండ్రు. అక్కడ యంత్రాలు దిగినయి. యంత్రానికి కిరాయి ఉన్నది. పల్లె కుంటల వంగిన నడుముకు మాత్రం దానమన్న పేరా?

"ఎవరు బలవంతపెట్టిండ్రు? మీరే ఉన్నరు గదా" అంటరు. రేపు కూలికి పిలిచే ఆసామి కట్ట మీద నిలబడి చూస్తుంటే గడ్డపార కిందపెట్టి పోయేదెవరు? వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. పేరు పోయింది, పని మిగిలింది.

వానలు పడ్డంక మొలకలు పీకేటందుకు మళ్లీ పిలుస్తరు. పోదాం. పోయేముందు గ్రామసభ తీర్మానం పుస్తకంల ఈ మాటలు రాయిద్దాం. ఇంటికొకరంటే అన్ని కులాల్ల ఇంటికొకరు, పొద్దుగూకేదాకా. అది కాదంటే చేసినోళ్లకు కూలి. కొట్టిన కట్టె కొట్టినోళ్లది. తుమ్మ పోయిన శిఖం భూమిని కొలిపించి హద్దురాళ్లు పాతాలె. లేకుంటే ముల్లు పోయిన నేలను పక్క పొలపోని నాగలి మింగుతది.

రాస్తే అందరికన్న ముందు మనమే ఉందాం. రాయకుంటే మన గడ్డపారలు మన ఇండ్లల్లనే ఉంటయి.

జై భీం!