స్వచ్ఛందం అనగానేమి?

మొన్న ఆదివారం పొద్దున్నే నా పాత శిష్యుడొకడు చేతిలో కాగితంతో వచ్చేడు. పాతికేళ్ళ లోపు వయసులో నా దగ్గర చదువుకుని, ఇప్పుడు కూతుర్ని బళ్ళో వేసే వయసుకొచ్చినవాడు. ఒంటిమీద ఖాకీ ఉంది. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చేట్ట.

"మాస్టారూ, ఇందులో తండ్రి వృత్తి అని ఉందండి. ఏం రాయమంటారు?" అన్నాడు.

"హోంగార్డువి కదోయ్! అదే రాయి."

"అది ఉద్యోగం కాదంటారండి. స్వచ్ఛంద సేవటండి."

పాఠకులకు మా ఊరి సంగతి చెప్పాలి. యానాం పుదుచ్చేరిలో భాగం. ఆ పుదుచ్చేరి మాకు ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరం. చుట్టూ ఆంధ్రదేశం, ఓ పక్కన గౌతమి. రోడ్డుకి ఈ చివర ఓ సర్కారు పోలీసు, ఆ చివర ఇంకో సర్కారు పోలీసు. నా శిష్యుడు ఏ సర్కారు మనిషో నేను చెప్పను. ఏ గట్టునున్నా వాడి పేరు హోంగార్డే, వాడి చిక్కూ ఒకటే.

తెలుగు మాస్టర్ని గనక ముందు మాట సంగతి చూసేను. క్లాసులో సగం మంది స్వచ్ఛంద సేవ అంటే స్వచ్ఛమైన సేవ అని రాస్తారు. స్వచ్ఛానికీ దీనికీ చుట్టరికం లేదు. స్వ, ఛంద, నడుమ తుగాగమం. ఛందం అంటే ఇష్టం. తన ఇష్టం కొద్దీ చేసేది స్వచ్ఛందం. అడ్డు లేకుండా తిరిగేవాణ్ణీ ఆ మాటే అంటారనుకోండి!

ఇష్టం లేనివాణ్ణి పట్టుకుని పోలీసుని చెయ్యడమూ ఈ దేశంలో ఉండేది. 1861 నాటి పోలీసు చట్టంలో, అల్లర్లు చెలరేగినప్పుడు మేజిస్ట్రేటు ఊళ్ళోవాళ్ళని ప్రత్యేక పోలీసులుగా నియమించవచ్చునని ఉంది. కారణం లేకుండా కాదన్నవాడికి 50 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల 50 రూపాయలు!

హోంగార్డు అన్న పేరు 1940 లో ఇంగ్లండులో వినబడింది. జర్మనులు దిగుతారన్న భయంతో, పట్టాలానికి పనికిరాని వయసువాళ్ళనీ కూడగట్టిన దళం అది. మన దగ్గర 1946 డిసెంబరు 6న బొంబాయిలో, అల్లర్ల నడుమ పోలీసుకి సాయంగా మొదలైంది. ఇప్పటికీ ఆ తేదీనే వాళ్ళ పండగ. 1962 చైనా యుద్ధం తరవాత కేంద్రం అన్ని రాష్ట్రాలకీ చెప్పి, ఉన్న వాలంటీరు దళాలన్నిటినీ ఒక్క పేరు కిందికి తెప్పించింది. వకీళ్ళు, డాక్టర్లు, మాస్టర్లు, షాపువాళ్ళు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, పిలిచినప్పుడు ఖాకీ తొడుక్కుని రావాలన్నది మొదటి ఊహ. వాళ్ళ ధ్యేయవాక్యం నిష్కామ సేవ. గీత చదివినవాడెవడో పెట్టి ఉంటాడు.

వాలంటీర్ల విలువ యానాంవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్రెంచివారి పోలీసులో ఉద్యోగం చేసి, తరవాత వాళ్ళమీదనే తిరగబడ్డ మా దడాల రఫేల్ రమణయ్య 1954 జూన్ 13న ఊరిని విడిపించింది వాలంటీర్లను వెంటబెట్టుకునే.

"శిక్షణలో ఏం నేర్పేరురా?" అని అడిగేను.

డ్రిల్లు, లాఠీ, ట్రాఫిక్కు, మంటలార్పడం, కట్లు కట్టడం, నీళ్ళలోంచి మనిషిని లాగడం, అన్నీ చెప్పేడు. "గుంపుని ఆపడం మాత్రం నేర్పితే రాదండి, నిలబడితే వస్తుంది" అన్నాడు. 2015 పుష్కరాల మొదటిరోజు, జూలై 14న, రాజమండ్రి ఘాట్లో తొక్కిసలాటలో 27 మంది పోయిన సంగతి తలుచుకుని కాసేపు మాట్లాడలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, మా యానాం వీధులు మునిగినప్పుడు, ఏ సందులో ఏ ముసలమ్మ మంచం పట్టి ఉందో తెలిసింది ఈ ఊరివాళ్ళకే. దూరాన్నించి దిగిన దళానికి పడవ ఉంటుంది గాని ఆ ముసలమ్మ జాడ తెలియదు కదా.

శిక్షణ లేకుండా ఖాకీ తొడిగితే ఏమవుతుందో కూడా చూసేం. ఛత్తీస్‌గఢ్‌లో అయిదో తరగతి చదివిన గిరిజన కుర్రాళ్ళకి రెండు నెలల తర్ఫీదిచ్చి, నెలకి 3000 రూపాయల గౌరవభత్యం మీద, తుపాకులిచ్చి నక్సలైట్ల మీదికి పంపేరు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తీర్పు చెప్పిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ సుదర్శన్‌రెడ్డి.

హోంగార్డుల మాట అదే కోర్టులో 2015 మార్చి 11న తేలింది. వీళ్ళు వాలంటీర్లే గనక ఉద్యోగాలు ఖాయం చెయ్యమనలేదు. కాని నెలకి ముప్ఫయి రోజులు చేస్తే, పోలీసుకొచ్చే కనీస జీతానికి తగ్గకుండా రోజు భత్యం ఉండాలంది. మంచి తీర్పే. అయితే ఆ ముప్ఫయి రోజులూ పిలుపు రావాలి. పొద్దున్న షాపు, సాయంత్రం ఖాకీ అనుకుని పెట్టినదాంట్లోకి, షాపు లేని కుర్రాళ్ళే ఎక్కువమంది చేరేరు. ఇష్టం కొద్దీ కాదు, ఇంట్లో పొయ్యి వెలగాలని. దాన్ని స్వచ్ఛందం అంటే నా వ్యాకరణం ఒప్పుకోవడం లేదు. వాణ్ణి అడిగితే, "వరద రోజున మాత్రం ఇష్టంగానే వెళ్ళేనండి" అన్నాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

లోపల్నించి మా ఆవిడ కాఫీ తెచ్చి, "పెళ్ళి చూపులప్పుడూ ఇదే గొడవ కదూ, పర్మనెంటా కాదా అని?" అంది. వాడు సిగ్గుపడుతూ నవ్వేడు.

ఆఖరికి వృత్తి దగ్గర హోంగార్డు అని నేనే రాసేను. దాని కింద గడి నెల ఆదాయం.

"ఏ నెలదండి?" అన్నాడు వాడు. "పండగ నెలదా, ఖాళీ నెలదా?"

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసేడు. డ్యూటీ రోజులన్నీ తేదీల వారీగా రాసుకున్నాడు. ఇద్దరం కూర్చుని పన్నెండు నెలలూ కూడి, పన్నెండుతో భాగించేం.