మోసం అనే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి

ఈ సంక్రాంతి సెలవుల్లో మా రూమ్మేట్‌కి వాళ్ళ నాన్న ల్యాప్‌టాప్ కొన్నారు. శ్రీకాకుళంలో ఒక షాపులో, సెకండ్ హ్యాండ్‌ది. వాళ్ళది ఉద్దానం. పోయిన వేసవిలో జీడిపిక్కలు అమ్మిన డబ్బులో మిగిల్చి పెట్టుకున్నది దీనికి ఖర్చు చేశారు. మావాడు హాస్టల్‌కి వచ్చిన రోజు దాన్ని కొత్త బండిలా తుడిచి తుడిచి చూపించాడు.

రెండు వారాలకి గొడవ మొదలైంది. బ్రౌజర్ తెరుచుకోవడానికి అర నిమిషం. జావా ప్రోగ్రామ్ కంపైల్ అవ్వాలంటే టీ తాగి రావచ్చు. మా ఫ్లోర్‌లో ఎవరి సిస్టమ్ పాడైనా నా దగ్గరికే వస్తారు, నాకు అదో గర్వం. సెట్టింగ్స్‌లో 'అబౌట్' పేజీ తెరిచాను. ప్రాసెసర్ ఐ5-8250యు, దాని పక్కన 1.60 గిగాహెర్ట్జ్, ఆ పక్కన మళ్ళీ 1.80 గిగాహెర్ట్జ్. నా పాత ల్యాప్‌టాప్‌లో అదే చోట 2.50 ఉంటుంది. పైగా ఇంటెల్ సైట్‌లో వీడి ప్రాసెసర్ 3.4 దాకా వెళ్తుందని రాసి ఉంది. ఇంకేం, తీర్పు చెప్పేశాను. "మావా, మీ నాన్నని మోసం చేసీసారు."

వాడు వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న నన్ను లైన్లోకి పిలిచి ఒక్కటే అడిగారు. "నువ్వు నీ కళ్ళతో సూసినావు కదా బాబూ? కచ్చితమేనా?" కచ్చితం అంకుల్ అన్నాను. మర్నాడు ఆయన పని మానుకుని, బిల్లు జేబులో పెట్టుకుని, బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి, నలుగురి ముందు షాపాయన్ని దొంగ అన్నారు.

షాపాయన దొంగ కాదు. తప్పు నాది. నాలాగే సీఎస్ఈ చదువుతూ, స్క్రీన్ మీద కనిపించిన ప్రతి నంబర్‌నీ నమ్మేసే వాళ్ళు మన క్లాసుల్లో చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. నా వాదన చిన్నదే. ఒక నంబర్ కనిపించినప్పుడు అది ఎక్కువా తక్కువా అని కాదు, అది ఏ ప్రశ్నకి జవాబు అని ముందు అడగాలి.

ఆ 1.60 సంగతి చూద్దాం. దాన్ని ఎవరూ కొలవలేదు. అది పేరులో ఒక ముక్క. ప్రాసెసర్ లోపల 48 అక్షరాల చోటులో దాని పేరు రాసి ఉంటుంది. విండోస్ "నీ పేరేంటి" అని అడిగితే అది పూర్తి పేరు చెప్తుంది, "1.60 గిగాహెర్ట్జ్" అన్న మాటతో సహా. రామారావు ఇంటిపేరు 'పరుగు' అయినంత మాత్రాన ఆయన ఇప్పుడు పరిగెడుతున్నట్టు కాదు కదా. ఇంటెల్ 12వ తరం నుంచి పేరులో ఆ స్పీడ్ ముక్క పెట్టడం మానేసింది.

పక్కనున్న 1.80 ఇంకో కథ. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ ఇచ్చిన బేస్ స్పీడ్ 1.6. చల్లబరిచే ఏర్పాటు బాగుంటే బేస్‌ని 1.8కి పెంచుకోవచ్చని ల్యాప్‌టాప్ కంపెనీలకి వదిలిపెట్టింది. లోపల 'టైమ్ స్టాంప్ కౌంటర్' అని ఒకటి ఆ 1.8 దగ్గరే తిరుగుతూ ఉంటుంది. మన విజయనగరం గంటస్తంభం గడియారాన్ని తలుచుకోండి. కింద బజారు కిటకిటలాడుతున్నా, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నా గడియారం ఒకే వేగంతో తిరగాలి. ఎందుకంటే దాని పని టైమ్ చెప్పడం. బజారులో ఎంత హడావిడి ఉందో దాన్ని చూసి చెప్పలేం. ఈ కౌంటర్ కూడా అంతే. 1993లో పెంటియంతో వచ్చినప్పుడు అది ప్రాసెసర్ అసలు క్లాక్‌నే లెక్కపెట్టేది. ప్రాసెసర్లు స్పీడ్ మార్చుకోవడం మొదలుపెట్టాక అలా అయితే టైమ్ లెక్క తప్పుతుందని, తర్వాతి వాటిలో దాన్ని స్థిరంగా ఉంచేశారు.

మరి 3.4? అది టర్బోలో అందుకోగల గరిష్ఠం. వేడీ కరెంటూ అనుకూలిస్తే కొంతసేపు ఉంటుంది. 'అబౌట్' పేజీలో అది కనిపించదు. బేస్ అంటే 15 వాట్ల పరిమితిలో ఎక్కువసేపు నిలబెట్టుకోగలనని ఇచ్చే హామీ, టర్బో అంటే అవకాశం దొరికితే ఇచ్చే బోనస్. నా 2.50 గొప్పతనం కూడా చెప్పాలి. నాది ఐ5-7200యు, 2016 నాటిది, రెండే కోర్లు. వాడిది 2017 నాటిది, నాలుగు కోర్లు. అంటే తక్కువ మెషీన్ ఉన్నవాడు ఎక్కువ మెషీన్ ఉన్నవాడికి "నువ్వు మోసపోయావు" అని చెప్పాడు.

అయితే ల్యాప్‌టాప్ నిజంగానే నత్తలా నడుస్తోంది కదా, అదెందుకు? ఆదివారం పూట టాస్క్ మేనేజర్‌లో 'పెర్ఫార్మెన్స్' ట్యాబ్ తెరిచాం. ఈ పని మొదటి రోజే చెయ్యాల్సింది. అక్కడ 'స్పీడ్' అని కదిలే నంబర్ ఒకటి ఉంటుంది. ఈ నంబర్ వెనకాల లెక్క వేరు. ప్రాసెసర్‌లో రెండు కౌంటర్లు ఉంటాయి, ఒకటి స్థిరమైన వేగంతో, ఇంకోటి అసలు నడుస్తున్న వేగంతో లెక్కపెడతాయి. రెండిటి నిష్పత్తిని బేస్‌తో గుణిస్తే ఇప్పటి స్పీడ్ వస్తుంది. అక్కడ 0.39 చూపిస్తోంది. ఏం తెరిచినా, ఎంత పని ఇచ్చినా 0.39 నుంచి కదలట్లేదు. నేను "తక్కువ" అని గోల చేసిన 1.80, అసలు స్పీడ్‌కి నాలుగు రెట్ల పైన ఉంది!

అప్పుడు మావాడు ఛార్జర్ పీకాడు. నంబర్ ఒక్కసారి 3 దాటింది. మళ్ళీ పెట్టాడు, 0.39. ఒరిజినల్ ఛార్జర్ ఇంట్లో మర్చిపోయి, వీడు పక్క రూమ్ వాళ్ళ స్పేర్ ఛార్జర్ వాడుతున్నాడు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఛార్జర్ పిన్ మధ్యలో ఉండే సన్నని సూది ద్వారా "నేను ఇన్ని వాట్ల దాన్ని" అని చెప్తుంది. ఆ మాట రాకపోతే ల్యాప్‌టాప్ భయపడి ప్రాసెసర్‌ని అడుగుకి లాగి పట్టుకుంటుంది, బ్యాటరీని కూడా ఛార్జ్ చెయ్యదు. బ్యాటరీ ఎక్కట్లేదని వాడు నాకు ముందే చెప్పాడు. నేను అది వేరే ప్రాబ్లం అనుకున్నాను.

ఈ గందరగోళం కొత్తదేం కాదు. 2001లో ఏఎండీ 'అథ్లాన్ ఎక్స్‌పీ 1800+' అని అమ్మింది. దాని అసలు స్పీడ్ 1533 మెగాహెర్ట్జ్. 1800 అనేది పనితీరుని పోల్చి పెట్టిన మోడల్ నంబర్. అది తెలియకుండా కొని, స్క్రీన్ మీద 1533 చూసినవాడు ఏమనుకుంటాడో మనకి తెలుసు. అదే ప్రాసెసర్ కొన్నిసార్లు 1150 కూడా చూపించేది. 11.5 ఇంటు 133 అయితే 1533, అదే 11.5ని 100తో గుణిస్తే 1150. మదర్‌బోర్డు సెట్టింగ్ 133 బదులు 100కి పడిపోతే ప్రాసెసర్ నిజంగానే నెమ్మదిగా నడుస్తుంది. అక్కడ ఓఎస్ నిజమే చెప్తోంది, తప్పు బయోస్ సెట్టింగ్‌లో ఉంది.

మన ల్యాబ్‌లో కూడా ఇలాంటి వాదన చూశాను. ఒకడు విండోస్‌లో, ఇంకోడు వర్చువల్‌బాక్స్‌లోని ఉబుంటులో స్పీడ్ చూసి పోల్చుకుంటున్నారు. వర్చువల్ మెషీన్‌కి మామూలుగా అసలు స్పీడ్ కౌంటర్లు కనిపించవు. అది స్థిరమైన నంబర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. ఆ పోలికకి అర్థం లేదు.

"షాపుల వాళ్ళు మోసం చెయ్యరా ఏంటి?" అని మీరు అడగొచ్చు. చేసేవాళ్ళు ఉంటారు. నేను అనుమానించొద్దు అనట్లేదు. అనుమానాన్ని సరైన చోట పెట్టమంటున్నాను. నేను చూసిన 'అబౌట్' పేజీ అసలు బలమైన సాక్ష్యమే కాదు. అక్కడి పేరు రిజిస్ట్రీలోంచి వస్తుంది, దాన్ని ఎవరైనా మార్చెయ్యొచ్చు. రీస్టార్ట్ చేస్తే అసలు పేరు తిరిగి వస్తుంది, కానీ ప్రతిసారీ మార్చే స్క్రిప్ట్ ఒకటి పెట్టడం మనలో ఎవరికైనా పది నిమిషాల పని. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పేరు బయోస్‌లో చూడండి. స్పీడ్ టాస్క్ మేనేజర్‌లో చూడండి, అదీ ఏదైనా బరువైన పని నడుస్తుండగా, ఛార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. మొదట్లో బాగుండి పది నిమిషాలకి పడిపోతే వేడి సంగతి, ఫ్యాన్‌లో దుమ్ము చూడండి. బేస్ దగ్గరే ఆగిపోయి పైకి పోకపోతే పవర్ ప్లాన్‌లో 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' చూడండి. అది 99 శాతం ఉన్నా టర్బో ఆగిపోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా తేడా ఉంటే అప్పుడు షాపుకి వెళ్ళండి, ల్యాప్‌టాప్ చేతిలో పెట్టుకుని.

మనకి కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో క్లాక్ స్పీడ్ ఒక ఫార్ములాలో అక్షరం. ఇన్‌స్ట్రక్షన్లు ఇంటు సీపీఐ, బై క్లాక్ రేట్. మార్కులు వచ్చేస్తాయి. నాకూ బాగానే వచ్చాయి. కానీ ఆ క్లాక్ రేట్ నిమిషానికి ఎన్నిసార్లు మారుతుందో, దాన్ని మెషీన్ ఎలా కొలుస్తుందో ఒక్క ల్యాబ్‌లో కూడా చూడలేదు. ఫస్ట్ ఇయర్‌లోనే ఒక్క గంట, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళు తెరిచి, ఇందులో ఏ నంబర్ పేరు, ఏది హామీ, ఏది కొలత అని చూపిస్తే చాలు. మన ఊళ్ళలో ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లాడు చెప్పిన మాటకి పెద్దవాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆ మాట చెప్పే అర్హత మనకి ఉండాలి కదా.

తర్వాతి నెల మేమిద్దరం ఆ షాపుకి వెళ్ళి సారీ చెప్పాం. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. "ఛార్జర్ ఏటైనా మార్చినారా అని ఆ రోజే అడిగాను బాబూ, మీ నాన్న వినిపించుకోలేదు" అన్నారు. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అంకుల్‌కి కూడా ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సర్లే, బండి మంచిదే కదా" అని పెట్టేశారు. మొన్న మళ్ళీ ఆయనే చేశారు. "బాబూ, నా ఫోను స్లో అయిపోనాది, పాడైపోయినట్టేనా?" అని. చూడకుండా చెప్పలేను అంకుల్, ఈసారి వచ్చినప్పుడు చూస్తాను అన్నాను.