పెద్దకర్మ కార్డులో లేని మనిషి

పత్రికల జిల్లా పేజీల్లో అడుగున వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలు ఏ వారానివైనా పది తీసి వరసగా చదవండి. ఫొటో, జననం, మరణం, ప్రేమమూర్తి, మీ ఆశీస్సులు మాకెప్పుడూ ఉండాలి. ఆ కింద కొడుకులూ కోడళ్లూ, అల్లుళ్ల ఉద్యోగాలు, మనవలున్న ఊళ్లు. పోయిన పెద్దావిడ పేరు తీసేసి పక్క ప్రకటనలోని పేరు పెట్టినా ఇంకో అక్షరం మార్చక్కర్లేదు. నలుగురిలో తిరుగుతూ, నలుగురికీ కావలసిందిగా బతికిన నాయనమ్మ గురించి ఇంతకన్నా ఏమీ రాయలేకపోవడానికి దుఃఖం కారణమంటే నేను ఒప్పుకోను. ఆవిడ బతికున్నన్నాళ్లూ చేసిందాన్ని మనం పనిగా లెక్కపెట్టలేదు. పోయాక కూడా పెట్టడం లేదు.

ఏం చేసింది? వీధిలో ఎవరింట పురుడొచ్చినా కాయం చేసి పంపింది, ఆవకాయ రోజుల్లో నాలుగిళ్ల జాడీలకు ఉప్పూకారాల పాళ్లు తనే చూసింది. ఇవి అందరికీ గుర్తుంటాయి. చీటీ సంగతి ఎవరూ చెప్పరు. నెలనెలా ఇరవై మంది ఆడవాళ్లు తలా ఇంత వేసి నడుపుకునే చీటీకి పెద్దగా ఉండాలంటే ఎవరి మొగుడు తాగి వస్తాడో, ఎవరింట్లో పిల్ల పెళ్లి దగ్గర పడిందో, మొదటి నెలలోనే పాట పాడేసుకుని ఆపైన ముఖం చాటేసేది ఎవరో తెలియాలి. కట్టలేని నెలలో ఎవరికి గడువివ్వాలో, ఎవరింటికెళ్లి కూర్చోవాలో కూడా తెలియాలి. అప్పు ఇచ్చే ముందు బ్యాంకులో ఒక అధికారి జీతం తీసుకుని చేసే విచారణ ఇదే. (రిజిస్ట్రేషన్ లేని చీటీని చట్టం ఒప్పదు. ఆవిడకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.) ఈ తెలివంతా వచ్చింది సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడంవల్లే. చూసేవాళ్లకు మాత్రం అవి కబుర్లు.

ప్రభుత్వ లెక్క కూడా ఇక్కడే తడబడుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెట్టేవారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. ఈ అంకెలు బయటికి రావడం మంచిదే. అయితే అదే సర్వేలో నలుగురితో మాట్లాడటం, ఊరి కార్యక్రమాల్లో పాల్గొనడం, పూజా పునస్కారాలు అన్నీ కలిపి ఒకే పద్దు. ఎగ్గొట్టిన చీటీ డబ్బు రాబట్టడానికి ఒకరింట్లో కూర్చున్న గంటా, గుళ్లో పురాణం విన్న గంటా కలిసి పడేది చాలావరకు ఆ పద్దులోనే.

ఈమధ్య కాలంలో ప్రపంచమంతా సంతాపం చెప్పిన తెలుగు అవ్వ మస్తానమ్మ. గుంటూరు జిల్లా గుడివాడ ఆమె ఊరు. కృష్ణా జిల్లా గుడివాడ వేరు. మునిమనవడు 2016లో మొదలుపెట్టిన కంట్రీ ఫుడ్స్ యూట్యూబ్ ఛానల్‌లో కట్టెల పొయ్యి మీద వండి, అల్లం గోటితోనే గీరి పొట్టు తీసి లక్షల మందికి దగ్గరైంది. 2018 డిసెంబరులో పోయినప్పుడు వార్తలన్నీ రెండింటి చుట్టే తిరిగాయి: 107 ఏళ్ల వయసు, పుచ్చకాయ చికెన్. ఆ వయసుకు పుట్టినతేదీ కాగితం ఏమీ లేదు. చిన్నతనంలో పెళ్లయి, 22 ఏళ్లకే భర్త పోయి, ఐదుగురు పిల్లల్లో నలుగురిని పోగొట్టుకుని, కూలికెళ్లి బతికిందన్నది ఒకటి రెండు వాక్యాల్లో సరిపెట్టారు. ఆ ఏళ్లలో ఆమె పక్కన నిలిచింది ఎవరు, ఆమె ఎవరి పక్కన నిలిచింది? అంత పేరున్న మనిషి విషయంలోనే అడగాలని తట్టకపోతే, మామూలు వీధిలో మామూలు నాయనమ్మ గతి చెప్పేదేముంది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలి, పెద్దకర్మ కార్డు చరిత్ర పుస్తకమా అని అడిగేవాళ్లుంటారు. కార్డులో నాలుగు మంచిమాటలే వేయండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ మాటలే ఆమె గురించి మిగిలే మొత్తం కావడమే నాకు బాధ. ఇంకో ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది: ఆ కలివిడితనం అందరికీ ఒకేలా అందిందా? లేదు. అరుగెక్కి కూర్చున్నదెవరు, వాకిట్లో నిలబడి మజ్జిగ పోయించుకున్నదెవరు అన్నది కులమే తేల్చింది. అలిగి పుట్టింటికి వచ్చేసిన పిల్లను బుజ్జగించి మళ్లీ అత్తారింట దింపొచ్చిన పెద్దరికం కొన్నిసార్లు ఆ పిల్ల ప్రాణం మీదికే తెచ్చింది. ప్రేమమూర్తి అన్న ఒక్క మాట ఈ మజ్జిగనూ దాస్తుంది, ఆ చీటీ నేర్పునూ దాస్తుంది. వివరంగా రాస్తే రెండూ బయటపడతాయి, పడనివ్వాలి.

రాయడానికి ఏముంటుంది, ఆవిడ గొప్ప పనులేం చేయలేదే అనే మాట కూడా నిలవదు. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసింది 1951లో. అందులో ఉన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లోనే చెప్పించుకుని, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం వేసింది 1986లో. మధ్యలో ముప్పై అయిదేళ్లు. చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, అడిగేవాళ్లు రావడానికే అంత కాలం పట్టింది.

ఇక ఇరుగుపొరుగు గుట్టు రట్టవుతుందన్న భయం. ఇది న్యాయమైన భయమే. నలుగురి రహస్యాలు కడుపులో దాచుకోగలగడం కూడా ఆవిడ మీద ఊరికున్న నమ్మకంలో భాగమే కదా. చీటీ ఎగ్గొట్టిందెవరో రాయొద్దు. వాళ్ల పరువు వీధిన పడకుండా డబ్బు ఎలా రాబట్టిందో రాయండి. అది తెలిసినవాళ్లు పెద్దకర్మ భోజనాల దగ్గర ఎలాగూ చెప్పుకుంటూనే ఉంటారు, అదీ వడ్డించే హడావుడిలో ఇంటివాళ్ల చెవిన పడకుండా. డాలస్ నుంచి వచ్చిన మనవడు ఆ బంతిలో, వాళ్ల పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లో రికార్డింగ్ నొక్కొచ్చా అని అడగాలి.