48 గంటలు సున్నా అయితే?

ఎక్సెల్‌లో ఒకసారి చేసి చూడండి. ఆరు రోజులకి రోజుకి 8:00 చొప్పున వేసి కూడండి. మొత్తం వచ్చే గడి మామూలు 24 గంటల టైమ్ ఫార్మాట్‌లో ఉంటే 0:00 అని చూపిస్తుంది. వారం కష్టం సున్నా! ఎక్సెల్‌కి టైమ్ అంటే రోజులో ఒక భాగం. 24 దాటగానే గడియారంలా మళ్లీ మొదటికొస్తుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి స్క్వేర్ బ్రాకెట్లు పెడితేనే 48:00 కనిపిస్తుంది. రాత్రి పదికి వచ్చి పొద్దున ఆరుకి వెళ్లేవాళ్లకైతే, మాడ్ ఫంక్షన్ వాడకపోతే లెక్క మైనస్‌లోకి పోయి గడి నిండా హ్యాష్ గుర్తులే.

రేపు మనలో చాలామందిమి ఇలాంటి టైమ్‌షీట్లు తయారుచేస్తాం, నింపుతాం కూడా. ఆటోమేట్ చేయొద్దని కాదు, చేతి కూడికల కన్నా ఫార్ములా మేలే. కానీ ఆ గడి మీద ఒకరి ఓవర్‌టైమ్ డబ్బులు ఆధారపడి ఉంటాయి. అందుకే ఎవరి గంటలు వాళ్లకి కనబడాలి, తప్పుంటే రాయడానికి ఒక కాలమ్ ఉండాలి.

ప్రోగ్రెస్ రిపోర్టూ అంతే. 70% అని కొడితే బార్ పచ్చగా నిండుతుంది. పని ఎక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో మాత్రం చెప్పదు. దానికీ ఒక కాలమ్ పెట్టండి. షీట్ పంపేముందు నైట్ షిఫ్ట్ వాళ్ల వరుస ఒకటి తీసుకుని చేత్తో కూడి చూడండి.