తుపాకి పట్టిన చేతికే పుస్తకమా?

అమెరికా విశ్వవిద్యాలయాల ఔదార్యాన్ని గురించి మన అధ్యాపక మిత్రులలో ఒక పురాణం ప్రచారంలో వుంది. అక్కడ చదువుకు వయసుతో పనిలేదట. నలభై యేళ్ల కార్మికుడు సాయంత్రంపూట వెళ్లి పట్టా పుచ్చుకోవచ్చునట. యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుడికి ప్రభుత్వమే ఫీజుకట్టి, ఇంటద్దె ఇచ్చి, పుస్తకాలు కొనిపెట్టి చదివిస్తుందట. పైదేశాల విద్యార్థులకు ఉపకారవేతనాలిచ్చి మరీ పిలుస్తుందట. నిరంతర విద్య, సైనికుల విద్య, విదేశీ విద్య అనే ఈ మూడు ద్వారాలను చూపించి, "విశ్వవిద్యాలయమంటే అట్లా వుండాలి, మనకెప్పుడు వస్తుందో ఆ బుద్ధి!" అని నిట్టూరుస్తారు.

ఈ పురాణంలో చెప్పేవన్నీ జరిగినవే. చెప్పకుండా దాటవేసేదే అసలు కథ. ఆ మూడు ద్వారాలలోకెల్లా విశాలమైన ద్వారాన్ని అక్కడి ప్రభుత్వం తెరిచింది యుద్ధానికి కూలీగా. అందరికీ చెందవలసినదాన్ని దాచిపెట్టి, ప్రాణాన్ని పణంగా పెట్టినవాడికి మాత్రం బహుమానంగా ఇచ్చే బేరం అది. ఆ బేరాన్నే ఇప్పుడు మన దేశానికి దిగుమతి చేస్తున్నారు గనుక, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను అమెరికా సైనికుల గొడవలో తలదూర్చవలసి వచ్చింది.

1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టం ఈ కథకు మొదలు. జనం దానికి జి.ఐ. బిల్లు అని పేరు పెట్టుకున్నారు. సైన్యం నుంచి తిరిగివచ్చినవాడికి యేడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, ఒంటరివాడైతే నెలకు 50 డాలర్లు, సంసారి అయితే 75 డాలర్లు భత్యం. దాదాపు 78 లక్షలమంది ఈ చట్టం కింద ఏదో ఒక చదువో శిక్షణో పొందారు. అందులో 22 లక్షలమంది కళాశాలలకు వెళ్లారు. 1947 నాటికి అమెరికా కళాశాలల్లో కూర్చున్న విద్యార్థుల్లో సగానికి సగం మాజీ సైనికులే.

ఇంత కరుణ ఒక్కసారిగా ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది? పన్నెండేళ్లు వెనక్కి వెళ్లి చూద్దాం. 1932 వేసవిలో, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన వేలాదిమంది సైనికులు పనులు లేక, తిండి లేక, తమకు రావలసిన బోనసును ముందుగా ఇప్పించమంటూ వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకున్నారు. జులై 28న జనరల్ మెకార్థర్ ఆశ్వికదళంతోనూ, టాంకులతోనూ, బాష్పవాయువుతోనూ వాళ్లను తరిమాడు. గుడిసెలు తగలబడిపోయాయి. రెండవ యుద్ధంలో సైన్యంలోకి పోయినవారు కోటీ అరవై లక్షలు. వీళ్లందరూ ఒక్కసారి ఇంటికొచ్చి పనులడిగితే? పాలకులకు నిద్రపట్టనివ్వని ప్రశ్న అది. కర్మాగారాల ముందు బారులు తీరవలసినవాళ్లను నాలుగేళ్లపాటు తరగతి గదుల్లో కూర్చోబెట్టడం గుడిసెలు తగలబెట్టడంకన్న తెలివైన పని. కాదనను. ఆ తెలివివల్ల మేలే జరిగిందని కూడా ఒప్పుకుంటాను. గని కార్మికుల బిడ్డలు, కౌలురైతుల బిడ్డలు ఇంజనీర్లయ్యారు, ఉపాధ్యాయులయ్యారు.

విద్యావంతులు ఆనాడు ఏమన్నారో కూడా గుర్తుచేసుకోవాలి. చికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్ట్ హచిన్స్, ఈ చట్టంతో విశ్వవిద్యాలయాలు దేశదిమ్మరుల విడిదులైపోతాయని 1944లోనే హడలిపోయాడు. హార్వర్డ్ అధ్యక్షుడు కోనంట్‌కూ ఇది రుచించలేదు. తీరా ఆ "దిమ్మరులు" వచ్చి, అప్పుడే బడి ముగించుకొని వచ్చిన కుర్రవాళ్లకన్న మంచి మార్కులు తెచ్చుకున్నారు. "అందరికీ ఉన్నతవిద్య అంటే ప్రమాణాలు పడిపోతాయి" అని ఇప్పటికీ మన స్టాఫ్ రూముల్లో చప్పరించే పెద్దమనుషులు ఆ సంగతి కాస్త చదువుకుంటే బాగుండును.

ఇంతవరకు వచ్చాక ఒక ప్రశ్న తప్పించుకోలేం. కౌలురైతు కొడుకు సైన్యంలోకి వెళ్లివస్తే ఇంజనీరు కాగలిగాడు. సైన్యంలోకి వెళ్లని అతని చెల్లెలు ఎందుకు కాలేకపోయింది? ఆమెకు బుద్ధి తక్కువా? ఈ ప్రశ్న నా సొంతం కాదు. ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘమే 1947లో ఈ దారిన ఆలోచించింది. జనాభాలో దాదాపు సగంమందికి మరో రెండేళ్ల కళాశాల చదువు పూర్తిచేసే శక్తి వున్నదని లెక్కగట్టి, ఆ రెండేళ్ల చదువును అందరికీ ఉచితం చెయ్యమని సిఫారసు చేసింది. ఆ సిఫారసు దేశమంతటికీ చట్టం కాలేదు. సైనికుడికి ఇచ్చినదాన్ని పౌరుడికి ఇవ్వడానికి చేతులు రాలేదన్నమాట.

సైనికులందరికైనా సమానంగా ఇచ్చారా? మిసిసిపీ ప్రతినిధి జాన్ రాంకిన్ వంటి జాత్యహంకారుల పట్టుదలవల్ల ఆ చట్టం అమలును స్థానిక పెత్తందార్ల చేతుల్లో పెట్టారు. ఫలితం చూడండి: 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని పదమూడు నగరాల్లో మాజీ సైనికులకు ఇళ్లకూ, పొలాలకూ, వ్యాపారాలకూ హామీ ఇచ్చిన ఋణాలు 3,200కు పైగా. అందులో నల్లవారికి దక్కినవి రెండు. రెండు వందలు కాదు, రెండు. దక్షిణాది తెల్లవారి కళాశాలలు నల్ల సైనికుణ్ణి గడప తొక్కనివ్వలేదు. నల్లవారి కళాశాలల్లో చోటు చాలక ఎంతోమంది వెనక్కి పోయారు. ఫిలిప్పీన్సువారి సంగతి ఇంతకన్న ఘోరం. అమెరికా పతాకం కింద పోరాడిన రెండు లక్షలకు పైగా ఫిలిపినో సైనికుల సేవను, ఈ లాభాల విషయంలో సేవగా పరిగణించనక్కర్లేదని 1946 ఫిబ్రవరిలో చట్టం చేశారు. 2009లో, బతికివున్న ముసలివాళ్లకు మాత్రం ఒక్కసారి కొంత సొమ్ము ఇచ్చి చేతులు దులుపుకున్నారు. పౌరులైతే 15,000 డాలర్లు, కాకపోతే 9,000. ఒకే యుద్ధం, ఒకే తూటా, రెండు ధరలు!

నిర్బంధ సైనికసేవ 1973లో పోయింది. అప్పటినుంచి సైన్యానికి మనుషుల్ని బజారులో కొనుక్కోవలసి వచ్చింది. ఆ బజారులో చదువు ఒక ఎర. 2008లో వచ్చిన కొత్త చట్టం, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో స్థానికుల ఫీజు మొత్తం, ఇంటి అద్దె భత్యం, యేడాదికి వెయ్యి డాలర్ల వరకు పుస్తకాల ఖర్చు ఇస్తుంది. దానిమీద జరిగిన చర్చ చదివితే కడుపు రగులుతుంది. చదువుకు ఎంత ఇస్తే సైన్యంలో చేరేవాళ్లు ఎంత పెరుగుతారు, చదువుకోసం సైన్యం వదిలిపోయేవాళ్లు ఎంత పెరుగుతారు అని అమెరికన్ కాంగ్రెసు బడ్జెటు కార్యాలయం త్రాసు పట్టుకుని తూచింది. చేరేవాళ్లు 16 శాతం పెరుగుతారు, కొనసాగేవాళ్లు 16 శాతం తగ్గుతారు అని తేల్చింది. మరి కొనసాగేవాళ్లు తగ్గకుండా ఎట్లా? అందుకొక కిటుకు చేర్చారు. ఆరేళ్లు పనిచేసినవాడు మరో నాలుగేళ్లు పనిచేస్తానని ఒప్పుకుంటే తన చదువు హక్కును పెళ్లానికో పిల్లలకో బదలాయించవచ్చు. బిడ్డ చదువుకోసం తండ్రి మళ్లీ తుపాకి ఎత్తుకోవాలన్నమాట. మన పల్లెల్లో అప్పు తీర్చేందుకు పాలేరు మరో నాలుగేళ్లు అదే దొడ్లో వుండిపోయే యేర్పాటును మనం వెట్టి అన్నాం.

ఇదంతా నా వక్రభాష్యమని ఎవరైనా అంటే, ఆ వ్యవస్థవాళ్ల నోటి మాటే సాక్ష్యం. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ విద్యార్థుల అప్పుల్లో కొంత మాఫీ చేస్తానని ప్రకటించాడు. ఇండియానా ప్రతినిధి జిమ్ బ్యాంక్స్ వెంటనే బహిరంగంగా ఆక్షేపించాడు: అప్పు మాఫీచేస్తే సైన్యంలోకి కుర్రవాళ్లను రప్పించే గొప్ప సాధనం దెబ్బతింటుందట! ఇంతకన్న నిజాయితీగా మార్క్సిస్టు కూడా చెప్పలేడు. చదువు ఖరీదుగా వుండాలి, అప్పు మెడకు చుట్టుకోవాలి, అప్పుడే పేదవాడి బిడ్డ సైనిక కార్యాలయం మెట్లెక్కుతాడు. 2023 జూన్ 30న అక్కడి సుప్రీంకోర్టు ఆ మాఫీని కొట్టివేసింది.

నిరంతర విద్య అనే ద్వారం దగ్గర నిలబడినవాళ్లు ఎవరో కూడా చూడాలి. లాభాలకు నడిపే కళాశాలలు తమ రాబడిలో నూటికి తొంభైకి మించి కేంద్ర విద్యాసహాయ నిధులనుంచి తీసుకోకూడదని అక్కడొక నిబంధన. మిగిలిన పది బయటనుంచి రావాలి. విచిత్రమేమిటంటే, సైనికుడి చదువుకు ప్రభుత్వమే ఇచ్చే డబ్బును ఆ "బయటి" పదిలో లెక్కించారు. దాంతో ఒక్కొక్క మాజీ సైనికుడు, మరి తొమ్మిదిమంది తాలూకు ప్రభుత్వధనాన్ని లాగే గాలమయ్యాడు. ఆసుపత్రి మంచాలమీద వున్నవాళ్లను కూడా వదలకుండా ఏజెంట్లు వెంటబడ్డారు. 2016 సెప్టెంబరులో ఐ.టి.టి. టెక్ అనే సంస్థ 130కి పైగా ప్రాంగణాలను ఒక్కరోజులో మూసేసినప్పుడు, ఎంతోమంది సైనికుల చదువు హక్కు ఎక్కడా చెల్లని మార్కులుగా మారిపోయింది. ఆ సందును పూడుస్తూ చట్టం వచ్చింది 2021లో, అమలు 2023లో.

కార్మికులు తమంతట తాము చదువుకునే బడులు కూడా ఆ దేశంలోనే పుట్టాయి. టెనెసీ కొండల్లో 1932లో వెలసిన హైలాండర్ బడిలో తెల్లకార్మికులూ నల్లకార్మికులూ ఒకే బల్లమీద కూర్చొని చదువుకున్నారు. బస్సులో సీటు వదలనని మొండికెత్తడానికి కొన్ని నెలల ముందు, 1955 వేసవిలో రోజా పార్క్స్ అక్కడికి వెళ్లింది. 1961లో టెనెసీ రాష్ట్రం ఆ బడి అనుమతి రద్దుచేసింది. మన మిత్రుల పురాణంలో ఈ అధ్యాయం వుండదు.

మూడవది విదేశీ విద్య. ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం పేరు వినని అధ్యాపకుడు మనలో లేడు. 1946 ఆగస్టు 1న వచ్చిన ఆ చట్టానికి మూలధనం, యుద్ధం ముగిశాక విదేశాల్లో మిగిలిపోయిన సైనిక సామగ్రి అమ్మకపు సొమ్ము. మన దేశంతో ఒప్పందం 1950 ఫిబ్రవరిలో జరిగింది. ఆ వేతనంమీద వెళ్లివచ్చిన వారిలో ఉత్తమ పండితులు వున్నారు. వాళ్లను అమ్ముడుపోయినవాళ్లనడం చవకబారు మాట, నేననను. కాని 1962నుంచి, మనం గోధుమలకు చెల్లించిన రూపాయలతోనే మన తెలుగు పుస్తకాలను మూటలు కట్టి అమెరికా గ్రంథాలయాలకు చేరవేశారు. ఎం.ఏ. రోజుల్లో ఒక పాత మాసపత్రిక సంచికల కోసం నేను మన గ్రంథాలయాల్లో చెదలు దులుపుకుంటూ తిరిగాను. ఆ వరుస చెక్కుచెదరకుండా వున్నది చికాగోలోనని తర్వాత తెలిసింది. జాగ్రత్త చేసినందుకు కృతజ్ఞత చెప్పాలో, మన గోధుమల బిల్లు చూసుకోవాలో తేల్చుకోలేను.

ఈనాడు పరిస్థితి తలకిందులైంది. వాళ్లు వేతనమిచ్చి పిలిచేది పిడికెడుమందిని. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేలకు పైగా, అన్ని దేశాలకన్న ఎక్కువ. వీళ్లలో అత్యధికులు అప్పుచేసి ఫీజు కట్టుకునేవాళ్లే. మన గుంటూరు, కరీంనగర్ పిల్లలు చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసి, పొలం తాకట్టుపెట్టిన డబ్బుతో విమానమెక్కుతారు. అక్కడ వాళ్లకోసం ఏ ద్వారాలు తెరిచారు? కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే దొంగ విశ్వవిద్యాలయం 2011లో మూతపడ్డప్పుడు, మోసపోయిన తెలుగు పిల్లల కాళ్లకే పశువులకు కట్టినట్టు రేడియో పట్టీలు కట్టారు. మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అనే మరొక విశ్వవిద్యాలయాన్ని స్వయంగా ప్రభుత్వ పోలీసులే నకిలీగా నడిపి, ఫీజులు వసూలుచేసి, 2019 జనవరిలో చేరినవాళ్లను పట్టుకున్నారు. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లలో నియమాలు తెలిసే తప్పుచేసినవాళ్లు వుండవచ్చు. సైనికుడికోసం విశ్వవిద్యాలయపు తలుపు తెరిచిన రాజ్యం, పరాయి కూలీకోసం విశ్వవిద్యాలయపు బోను కట్టిందన్నది మాత్రం కాదనరాని నిజం.

"అయితే సైనికుడికి చదువు వద్దంటావా?" అని నన్ను నిలదీసే మిత్రులుంటారు. వద్దనను. సైనికుడు కూడా శ్రామికుడి బిడ్డే. అతనికి ఇచ్చిన ప్రతి పుస్తకం అతనిదే. ఆ పుస్తకానికి వెలగా అతని ప్రాణాన్ని ఎందుకు అడిగారన్నదే నా అభ్యంతరం.

2022 జూన్ 14న మన కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ ప్రకటించింది. నాలుగేళ్ల కొలువు, పింఛను లేదు. నూటికి ఇరవై అయిదుమందిని అట్టేపెట్టుకొని తక్కినవాళ్లను ఇంటికి పంపుతారు. మూడురోజులకు సికింద్రాబాదు రైల్వేస్టేషన్‌లో రైలుపెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ కొలువుతోపాటే ఊరింపుగా ఒక డిగ్రీ కూడా ప్రకటించారు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇచ్చే ఆ డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణకే. నాలుగేళ్లకు బయటపడే ఇరవైరెండేళ్ల కుర్రవాడికి పింఛను బదులు పట్టా!

మనకు వేరే దారి తెలియక కాదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో వుంది. ఇంటర్ పాసుకానివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న విశ్వవిద్యాలయం అది. అటువంటి ఆదివారపు తరగతుల్లో నేను తెలుగు చెప్పాను. ఆర్టీసీ కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, కొడుకుతోపాటు డిగ్రీ రాస్తున్న బీడీ కార్మికురాలు వచ్చి కూర్చునేవారు. ఏ సరిహద్దున కాపలా కాశావని వాళ్లనెవరూ అడగలేదు. అయితే వాళ్ల ఫీజు వాళ్లే కట్టుకోవాలి, ఆదివారం కూలీ పోగొట్టుకోవాలి, పుస్తకాలు ఆలస్యంగా వస్తే నోరుమూసుకోవాలి. ఇంటద్దె భత్యం మాట దేవుడెరుగు, బస్సు చార్జీ ఇచ్చే నాథుడు లేడు. సైనికుడి డిగ్రీకి బడ్జెట్లో చోటు చూపగలిగిన ప్రభుత్వాన్ని, ఈ బీడీ కార్మికురాలి ఆదివారం కూలీ ఎవరు భరిస్తారని మన అధ్యాపక సంఘాలు ఇంతవరకు ఏ మహాసభలో అడిగాయి?